గోడ మీది బొమ్మ, గోడ కట్టినవారి పేరు

ఫిలడెల్ఫియా కళా మ్యూజియంలో హెన్రీ ఓసావా టానర్ 1898లో వేసిన చిత్రం ఒకటి ఉంది. దేవదూత మేరీ దగ్గరికి వచ్చి శుభవార్త చెప్పే బైబిలు ఘట్టం దాని వస్తువు. యూరప్ చిత్రకారులు ఆ ఘట్టాన్ని వందల ఏళ్లుగా రెక్కల దేవదూతతో వేస్తూ వచ్చారు. టానర్ ఆ రెక్కలు తీసేశారు. నిలువునా నిలిచిన ఒక వెలుగు కంబమే ఆయన దేవదూత. నలిగిన పక్క మీద కూర్చుని ఆ వెలుగు వైపు బెరుకుగా చూస్తున్న పల్లెటూరి పిల్లే ఆయన మేరీ. 1899లో ఫిలడెల్ఫియా నగర సేకరణ కోసం దాన్ని కొన్నారు. చిత్రకారుడు నల్లజాతీయుడు, సొంత దేశంలో వర్ణవివక్షను భరించలేక అప్పటికే పారిస్‌లో స్థిరపడ్డారు.

ఈ చిత్రానికి ఇప్పుడు ఆశ్రయమిచ్చిన భవనం 1928లో తెరుచుకుంది. దాని రూపకల్పనలో పాలుపంచుకున్న సంస్థల్లో హొరేస్ ట్రంబావర్ కార్యాలయం ఒకటి. ఆ కార్యాలయంలో ప్రధాన డిజైనరుగా పనిచేసిన జూలియన్ ఏబెల్, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి 1902లో ఆర్కిటెక్చర్ పట్టా పొందిన తొలి నల్లజాతి విద్యార్థి. టానర్ బొమ్మ పక్కన ఆయన పేరు రాసి ఉంటుంది. ఏబెల్ చేయి పడిన గోడలను మాత్రం దశాబ్దాల పాటు జనం ఆయన పేరు తెలియకుండానే చూసి వెళ్లారు.

ఆఫ్రికన్-అమెరికన్ కళాకారులను, ఆర్కిటెక్టులను గౌరవించే మ్యూజియం ప్రదర్శనల గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడాను ముందే పట్టుకోవాలి. చిత్రకారుల, శిల్పుల విషయంలో లోటు పనికి సంబంధించినది: వారి పని గోడ మీదికి రాలేదు. ఆర్కిటెక్టుల విషయంలో లోటు పేరుకు సంబంధించినది: వారి పని నడివీధిలో, అందరి కళ్ల ముందే నిలబడి ఉన్నా అది ఎవరిదో చెప్పినవారు లేరు. ఒకరి కోసం వస్తువును వెతికి తేవాలి, ఇంకొకరి కోసం కాగితాలు వెతికి వస్తువుకు పేరు పెట్టాలి. రెండింటికీ ఆధారం ఒక్కటే. ప్రదర్శన పెట్టాలన్న సద్బుద్ధి మ్యూజియానికి కలిగే నాటికి ఎవరో ఒకరు ఆ బొమ్మనో, ఆ నక్షానో దాచి ఉంచాలి. ఈ ప్రదర్శనల చరిత్రలో ఎక్కువ గౌరవం దక్కాల్సింది అలా దాచినవారికే, కానీ వారి ప్రస్తావన బొమ్మ కింద చీటీలో చివరి పంక్తితో సరిపోతుంది.

దాచేవారు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి రెండు శిల్పాల సంగతి చాలు. ఎడ్మోనియా లూయిస్ తండ్రి నల్లజాతీయుడు, తల్లి వైపు వారు ఆదివాసీ ఒజిబ్వే ప్రజలు. రోమ్ నగరంలో ఉండి పనిచేసిన ఆమె, క్లియోపాత్రా మరణాన్ని పాలరాతిలో చెక్కి 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన శతాబ్ది ప్రదర్శనకు పంపారు. టన్నుకు పైగా బరువున్న ఆ శిల్పం అక్కడ పెద్ద చర్చ రేపింది, కానీ అమ్ముడుపోలేదు. తర్వాత అది షికాగోలో ఒక మద్యం దుకాణానికి చేరింది. అక్కడి నుంచి ఒక జూదరి చేతికి వెళ్లింది. క్లియోపాత్రా పేరే ఉన్న తన పందెపు గుర్రం చనిపోతే దాని సమాధికి గుర్తుగా అతను ఈ శిల్పాన్ని పందెపు మైదానంలో నిలబెట్టాడు. ఆ మైదానం కాలక్రమంలో గోల్ఫ్ మైదానమైంది, తర్వాత అక్కడ ఆయుధ కర్మాగారం వెలిసింది, ఆ తర్వాత తపాలా శాఖ కేంద్రం వచ్చింది. ఇన్ని మార్పుల మధ్య ఎండకూ మంచుకూ నానుతూ శిల్పం మిగిలింది. చివరికి ఒక గుత్తేదారు సామాన్ల యార్డుకు చేరి, మంచి మనసుతోనే పిల్లలు పూసిన రంగును కూడా మోసింది. ఫారెస్ట్ పార్క్ అనే ఊరి చరిత్ర సంఘం దాన్ని కాపాడి 1994లో స్మిత్సోనియన్ అమెరికన్ కళా మ్యూజియానికి అప్పగించింది. ఇప్పుడు ఆ శిల్పాన్ని చూసేవారికి అందులో కనిపించే అరుగుదల కాలం చేసినదే కాదు, సంరక్షణ లేకపోవడం చేసినది కూడా.

ఆగస్టా సావేజ్ శిల్పానికి ఆ మాత్రం అదృష్టం కూడా పట్టలేదు. 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం ఆమె 16 అడుగుల ఎత్తున ఒక వీణలాంటి హార్ప్ వాద్యాన్ని రూపొందించారు. పాడుతున్న నల్లజాతి పిల్లలే దాని తంత్రులు, వారిని మోస్తున్న ఒక చేయి దాని అడుగు భాగం. ప్రదర్శనలో లక్షల మంది దాన్ని చూశారు, దాని చిన్న లోహపు నమూనాలను జ్ఞాపికలుగా కొనుక్కున్నారు. కానీ అసలు శిల్పం ప్లాస్టరుతో చేసినది. కంచులో పోత పోయించడానికి డబ్బు లేదు, భద్రపరచడానికి చోటు లేదు. ప్రదర్శన ముగిశాక మిగతా కట్టడాలతో పాటు దాన్నీ కూల్చేశారు. 2018లో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో కమ్మర్ మ్యూజియం ఆమెపై పెద్ద ప్రదర్శన ఏర్పాటు చేసి, తర్వాత న్యూయార్క్‌కు కూడా పంపింది. తన కాలంలో అంత పేరు తెచ్చిన పనిని మాత్రం ప్రదర్శనలు రూపొందించే ఏ క్యూరేటరైనా ఇకపై ఫొటోల్లోనూ ఆ చిన్న నమూనాల్లోనూ చూపాల్సిందే.

పెద్ద మ్యూజియాలు ఈ కళాకారులను పూర్తిగా పట్టించుకోలేదనడం కూడా నిజం కాదు. పట్టించుకున్న తీరులోనే అసలు చిక్కు ఉంది. న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం 1937లో విలియం ఎడ్మండ్‌సన్ శిల్పాలతో ఒక నల్లజాతి కళాకారుడికి తొలిసారి ఏకవ్యక్తి ప్రదర్శన పెట్టింది. నాష్‌విల్‌కు చెందిన ఎడ్మండ్‌సన్ బానిసత్వం నుంచి విడుదలైన తల్లిదండ్రుల బిడ్డ. ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం పోయాక సున్నపురాయితో సమాధి ఫలకాలు చెక్కడం మొదలుపెట్టి శిల్పిగా ఎదిగారు. గౌరవం గొప్పదే అయినా, ఆయన్ని చదువూ శిక్షణా లేని ‘ఆదిమ’ కళాకారుల కోవలో చేర్చి పరిచయం చేశారు. అదే కాలంలో పారిస్‌లో శిక్షణ పొంది, వృత్తి కళాకారులుగా నిలబడిన నల్లజాతి చిత్రకారులు న్యూయార్క్‌లోని నల్లజాతి పేట హార్లెంలోనే ఎందరో ఉన్నారు. వారికి ఆ తలుపు తెరుచుకోలేదు. ఎవరిని పిలవాలో, ఏ పేరుతో పిలవాలో మ్యూజియమే నిర్ణయించినప్పుడు సన్మానంలో కూడా ఒక హద్దు గీత ఉంటుంది.

ఆ గీత అందరికీ స్పష్టంగా కనిపించిన సంవత్సరం 1969. మెట్రొపాలిటన్ మ్యూజియం ఆ జనవరిలో హార్లెం గురించి భారీ ప్రదర్శన తెరిచింది. ఫొటోలు, స్లైడ్లు, రికార్డు చేసిన శబ్దాలతో ఒక పేట జీవితమంతా గదుల నిండా పరిచింది. అయితే ఆ పేటలోనే బతికి, ఆ పేటనే చిత్రించిన చిత్రకారుల, శిల్పుల పనుల్లో ఒక్కటి కూడా లోపల లేదు. దేశంలోకెల్లా పెద్ద కళా మ్యూజియం నల్లజాతి కళను వదిలేసి, నల్లజాతి జీవితాన్ని మాత్రం చూడదగిన దృశ్యంగా పెట్టింది. బెన్నీ ఆండ్రూస్ తదితర కళాకారులు కూటమిగా ఏర్పడి మ్యూజియం ఎదుట నిరసనకు దిగారు. వారి కోరిక అతి సరళమైనది: మా గురించి ప్రదర్శన పెడితే మమ్మల్ని అడగండి, మా పనిని పెట్టండి, నిర్ణయించే కుర్చీలో మావాళ్లను కూర్చోబెట్టండి.

ఆ ప్రదర్శనతో ఒక మంచి కూడా జరిగింది. హార్లెంలో పెళ్లిళ్లను, అంత్యక్రియలను, కుటుంబాలను, కొత్త కారు పక్కన నిలబడిన దంపతులను తన స్టూడియో కెమెరాతో దశాబ్దాల పాటు తీసిన జేమ్స్ వాన్ డెర్ జీ అప్పుడే బయటి లోకానికి తెలిశారు. అప్పటికి ఆయన వయసు 82 ఏళ్లు. ఆయన ఫొటోలు ప్రదర్శనకు ప్రాణం పోశాయి; ఆయనను మాత్రం అదే సంవత్సరం ఇంటి నుంచి ఖాళీ చేయించారు. యాభై ఏళ్లు దాటాక, 2021లో, అదే మెట్రొపాలిటన్ మ్యూజియం హార్లెంలోని స్టూడియో మ్యూజియంతో కలిసి ఆయన ఫొటోల, నెగెటివ్‌ల భాండాగారాన్ని సేకరించి సంరక్షణ బాధ్యత తీసుకుంది. 2024లో క్యూరేటర్ డెనిస్ మురెల్ ఆధ్వర్యంలో ‘హార్లెం పునరుజ్జీవనం’ గా పేరుపడిన 1920-40ల కళపై సుమారు 160 కృతులతో పెద్ద ప్రదర్శన పెట్టింది. ఈసారి చిత్రకారులే కేంద్రం: ఆరన్ డగ్లస్, ఆర్చిబాల్డ్ మోట్లీ, విలియం హెచ్. జాన్సన్, లారా వీలర్ వారింగ్.

ఆ 2024 ప్రదర్శనలో బొమ్మల కింద చీటీలే చాలా సంగతులు చెప్పాయి. అరువిచ్చిన సంస్థల్లో ఫిస్క్, హోవర్డ్, హాంప్టన్, క్లార్క్ అట్లాంటా విశ్వవిద్యాలయాల పేర్లు ఉన్నాయి. ఇవన్నీ తెల్లవారి కళాశాలలు చేర్చుకోని రోజుల్లో నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన విద్యాసంస్థలు. డబ్బుకు ఎప్పుడూ కటకటే అయినా అవి బొమ్మలు కొన్నాయి, కానుకగా వచ్చినవి దాచాయి, గోడల మీద చిత్రాలు వేయించాయి, కళా చరిత్ర పాఠంగా చెప్పాయి. తాత మనవడికి బాంజో నేర్పుతున్న టానర్ చిత్రం 1894 నుంచీ హాంప్టన్‌లోనే ఉంది. హోవర్డ్ విశ్వవిద్యాలయం 1930లోనే సొంత గ్యాలరీ తెరిచింది. పెద్ద మ్యూజియాలు కొననినాడు వీరు కొనకపోయి ఉంటే 2024లో గోడలు నింపడానికి చేతికందేవి చాలా తక్కువ.

బొమ్మలనే కాదు, వాటిని చదవగల మనుషులను తయారుచేసిందీ ఈ కళాశాలలే. లాస్ ఏంజెలెస్ కౌంటీ కళా మ్యూజియం 1976లో రెండు శతాబ్దాల నల్లజాతి కళ మీద పెట్టిన ప్రదర్శనకు క్యూరేటరైన డేవిడ్ డ్రిస్కెల్ హోవర్డ్‌లో చదివి, ఆనాటికి ఫిస్క్‌లో కళా విభాగాన్ని నడుపుతున్నారు. 63 మంది కళాకారుల 200కు పైగా కృతులతో ఆ ప్రదర్శన 1750 నుంచి 1950 దాకా ఒక సుదీర్ఘ పరంపరను చూపింది. దేశ స్వాతంత్ర్య ద్విశతాబ్ది జరుగుతున్న ఏడాదిలో, ఈ దేశపు కళలో మొదటి నుంచీ నల్లజాతి కళాకారులు ఉన్నారని సాక్ష్యాలతో చెప్పడమే దాని సారాంశం. అట్లాంటా, డల్లస్, బ్రూక్లిన్‌లకూ అది వెళ్లింది. మ్యూజియం అలాంటి ప్రదర్శనకు సిద్ధపడటం వెనుక దాని లోపలి ఉద్యోగుల ఒత్తిడి ఉంది. 1948లో ఊడ్చే పనివాడిగా చేరిన సెసిల్ ఫెర్గర్సన్, సహోద్యోగి క్లాడ్ బుకర్‌తో కలిసి 1960ల చివర నల్లజాతి కళల మండలిని స్థాపించి, తాము రోజూ బొమ్మలు తగిలించే గోడల మీద తమవారి బొమ్మలు ఎందుకు లేవని అడిగారు. క్యూరేటర్ల పేర్లు చరిత్రలోకి సులువుగా ఎక్కుతాయి. ఇలాంటి ప్రశ్న వేసినవారి పేర్లు కూడా వాటి పక్కనే ఉండాలి.

జేకబ్ లారెన్స్ వలస చిత్రమాల గురించి ఇక్కడే చెప్పుకోవాలి. దక్షిణాది పొలాల నుంచి ఉత్తరాది నగరాలకు లక్షలాది నల్లజాతీయులు తరలిపోయిన సంఘటనను 23 ఏళ్ల వయసులో ఆయన 60 చిన్న పలకల మీద టెంపెరా రంగులతో చిత్రించారు. ఒక్కో రంగును కలిపి, దాన్ని అన్ని పలకల మీదా ఒకేసారి వేసుకుంటూ పోవడం వల్ల మొత్తం మాలకు ఒకే శ్రుతి వచ్చింది. 1942లో రెండు మ్యూజియాలు దాన్ని పంచుకుని కొన్నాయి: సరి సంఖ్యల పలకలు న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియానికి, బేసి సంఖ్యలవి వాషింగ్టన్‌లోని ఫిలిప్స్ సేకరణకు. ఒక నల్లజాతి యువకుడి పని కోసం రెండు పెద్ద సంస్థలు పోటీపడటం ఆ రోజుల్లో అరుదైన విజయం. దానికి చెల్లించిన మూల్యం, ఒకే కథ సగం ఒక ఊళ్లో, సగం మరో ఊళ్లో ఉండిపోవడం. 60 పలకలూ ఒకచోట చేరే అరుదైన సందర్భమే ఒక ప్రదర్శన.

ఆర్కిటెక్టుల దగ్గరికి వస్తే, భవనాన్ని గ్యాలరీలోకి తేలేం. తేగలిగినవి నక్షాలు, నమూనాలు, ఫొటోలు, ఉత్తరాలు. అవి ఒక పెద్ద కార్యాలయం పేరు మీద ఉంటే లోపల గీసిన చేయి కనిపించదు. ఏబెల్ విషయంలో జరిగింది అదే. ఉత్తర కెరొలైనాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం ప్రాంగణాన్ని, దాని ఎత్తైన ప్రార్థనా మందిరంతో సహా, రూపొందించింది ఆయనే. ఆ విశ్వవిద్యాలయం మాత్రం 1961 దాకా నల్లజాతి విద్యార్థులను చేర్చుకోలేదు. 1986లో దక్షిణాఫ్రికా వర్ణవివక్షకు నిరసనగా విద్యార్థులు ఆ మందిరం ముందు గుడిసెలు వేస్తే, అవి ప్రాంగణం అందం చెడగొడుతున్నాయని విద్యార్థి పత్రికకు ఒక లేఖ వచ్చింది. దానికి ఏబెల్ బంధువుల అమ్మాయి, అక్కడే చదువుతున్న విద్యార్థిని, జవాబు రాసింది: ఈ ప్రాంగణాన్ని గీసింది మా ముత్తాత తమ్ముడే, సొంత దేశంలో వర్ణవివక్షను అనుభవించిన ఆయనకు ఈ గుడిసెలు తప్పుగా తోచవన్నది ఆమె వాదన. అలా ఒక ఇంట్లో నిలిచిన జ్ఞాపకం ఒక విశ్వవిద్యాలయానికి తన నిర్మాత ఎవరో చెప్పింది. తర్వాత అక్కడ ఆయన చిత్తరువు పెట్టారు. 2016లో ప్రధాన ప్రాంగణానికి ఆయన పేరు పెట్టారు.

లాస్ ఏంజెలెస్‌కు చెందిన పాల్ రెవెర్ విలియమ్స్ జీవితం మరో కోణం చూపుతుంది. 1894లో పుట్టి, నాలుగేళ్లకే తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న ఆయన 1923లో అమెరికా ఆర్కిటెక్టుల సంఘంలో తొలి నల్లజాతి సభ్యుడయ్యారు. రెండు వేలకు పైగా కట్టడాలు రూపొందించారు. వాటిలో హాలీవుడ్ తారల భవంతులు ఉన్నాయి, మెంఫిస్‌లో పిల్లల ఆసుపత్రి ఉంది. తెల్లజాతి గిరాకీదారులు తన పక్కన కూర్చోవడానికి ఇబ్బంది పడతారని గ్రహించి, బల్లకు అవతల కూర్చున్నవారికి సరిగా కనిపించేలా నక్షాను తలకిందులుగా గీయడం సాధన చేశారు. ఆ నైపుణ్యాన్ని చాలామంది అద్భుతంగా చెప్పుకుంటారు. అద్భుతమే, కాదనలేం, అయితే ఒక మనిషి అంత విద్యను అవమానం నుంచి తప్పించుకోవడానికి నేర్చుకోవాల్సి వచ్చిందన్న బాధ దాని అడుగున ఉంది. ఆయన ఇళ్లు గీసిన కొన్ని పేటల్లో నల్లజాతీయులు ఇల్లు కొనరాదని దస్తావేజుల్లోనే రాసి ఉండేది.

విలియమ్స్ 1980లో మరణించారు. 1992 నాటి అల్లర్లలో ఒక బ్యాంకు శాఖ తగలబడినప్పుడు అందులో దాచిన ఆయన కాగితాలు కాలిపోయాయి. అన్నీ పోయాయనే చాలామంది చాలాకాలం నమ్మారు. నిజానికి నక్షాల్లో అధిక భాగం వేరే చోట ఉంది, ఆయన మనవరాలు వాటిని జాగ్రత్తగా కాపాడుతూ వచ్చారు. సుమారు 35,000 నక్షాలున్న ఆ భాండాగారం 2020లో గెట్టీ పరిశోధన సంస్థకు, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి ఉమ్మడిగా చేరింది. అంతకు మూడేళ్ల ముందు, 2017లో, ఆర్కిటెక్టుల సంఘం తన బంగారు పతకాన్ని మరణానంతరం ఆయనకు ఇచ్చింది. ఆ పతకం అందుకున్న తొలి నల్లజాతి ఆర్కిటెక్ట్ ఆయనే. ఈలోగా ఆయన భవనాలకు మరో దారిలో గ్యాలరీ ప్రవేశం దొరికింది. ఫొటోగ్రాఫర్ జానా ఐర్లండ్ ఏళ్ల తరబడి తీసిన నలుపు-తెలుపు ఫొటోలతో 2022లో నెవాడా కళా మ్యూజియం ప్రదర్శన పెట్టింది. భవంతుల వైభవం కంటే మెట్ల మలుపు, తలుపు చట్రం, గోడ మీద పడే నీడ ఆ ఫొటోల్లో ఎక్కువగా కనిపిస్తాయి. గీసిన చేయి ఎంత నెమ్మదిగా, ఎంత శ్రద్ధగా పనిచేసిందో చూపడానికి అంతకంటే తగిన పద్ధతి ఉండదు.

ఆర్కిటెక్చర్ అంటే లైసెన్సు ఉన్నవారు గీసినదే అనుకుంటే ఈ చరిత్రలో సగం జారిపోతుంది. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ నుంచి 1892లో పట్టా పొందిన తొలి నల్లజాతీయుడు రాబర్ట్ టేలర్ రూపొందించిన టస్కీగీ అనే నల్లజాతి విద్యాసంస్థ భవనాలకు ఇటుకలు చేసింది, గోడలు లేపింది అక్కడి విద్యార్థులు. అలబామాలోని జీస్ బెండ్ అనే మారుమూల పల్లె స్త్రీలు తొడిగి అరిగిన పని బట్టలతో కుట్టిన బొంతలు 2002లో హ్యూస్టన్ లలిత కళల మ్యూజియంలో, తర్వాత న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో గోడకెక్కాయి. మన పల్లెల్లో పాత చీరలతో కుట్టే బొంతకూ వాటికీ పుట్టుక ఒక్కటే: చలి, పేదరికం, పారేయడానికి మనసొప్పని గుడ్డ. ఆ స్త్రీలు తరతరాలుగా కుట్టే ఒక నమూనా పేరు ‘ఇంటి కప్పు’. నడుమ చిన్న చతురస్రం, దాని చుట్టూ పట్టీలు పేర్చుకుంటూ పైనుంచి చూసిన ఇంటిలా పెరుగుతుంది. చిత్రకళ, నిర్మాణం రెండూ అందులో ఉన్నాయి. ఆ బొంతలకు పేరు వచ్చాక, వాటి హక్కుల మీద, ఆదాయం మీద కొందరు కుట్టినవారు 2007లో న్యాయస్థానానికి వెళ్లాల్సి వచ్చింది. గోడ మీద గౌరవం, చేతికి ప్రతిఫలం వేర్వేరు విషయాలని జీస్ బెండ్ చాలా స్పష్టంగా చూపింది.

2021 ఫిబ్రవరిలో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం నల్లజాతి ఆర్కిటెక్టులపై తొలి ప్రదర్శన తెరిచింది. మ్యూజియం 1929లో మొదలైంది, దాని ఆర్కిటెక్చర్ విభాగం 1932లో. అంటే ఈ అడుగు పడటానికి దాదాపు తొంభై ఏళ్లు పట్టింది. షాన్ ఆండర్సన్, మేబుల్ విల్సన్ క్యూరేటర్లుగా, పదిమంది ఆర్కిటెక్టులూ డిజైనర్లూ కళాకారులూ ఒక్కొక్కరు ఒక్కో నగరాన్ని తీసుకుని పనిచేశారు. వాల్టర్ హుడ్ ఓక్లండ్‌లోని ఒక వీధికి పది గోపురాలు ఊహించారు. నల్లజాతి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ పది సూత్రాల కార్యక్రమం వాటికి మూలం. జెర్మేన్ బార్న్స్ మయామీలోని నల్లజాతి ఇళ్లలో వంటగదినీ వీధి అరుగునూ అధ్యయనం చేశారు. మిచ్ మెక్ఎవెన్, 1811లో న్యూ ఆర్లీన్స్ దగ్గర జరిగిన బానిసల తిరుగుబాటు గెలిచి ఉంటే ఆ నేల మీద ఎలాంటి నగరం లేచేదో ఊహించారు. అమాండా విలియమ్స్ మిస్సోరీలోని కిన్‌లాక్ అనే నల్లజాతి పట్టణాన్ని ఎంచుకున్నారు.

ఆ ప్రదర్శన జరిగిన గ్యాలరీకి ఆర్కిటెక్ట్ ఫిలిప్ జాన్సన్ పేరు ఉంది. విభాగానికి తొలి అధిపతి అయిన జాన్సన్ 1930ల్లో నాజీల పట్ల సానుభూతి చూపిన వ్యక్తి. పదిమందీ కలిసి ఏర్పాటు చేసుకున్న సంఘం తమ ప్రకటనను ఒక పెద్ద వస్త్రం మీద ముద్రించి, ప్రదర్శన సాగినన్నాళ్లూ ఆయన పేరు కనిపించకుండా వేలాడదీసింది. పేరు దక్కని వారి ప్రదర్శనకు గుమ్మం దగ్గర మొదటి ప్రదర్శనాంశం, కప్పిన ఒక పేరు.

ఆ గదుల్లో కట్టిన భవనాల కన్నా ఊహించిన ప్రతిపాదనలే ఎక్కువ ఉన్నాయన్న అసంతృప్తి సహజం. కారణం ప్రదర్శనలో లేదు, వృత్తిలో ఉంది. అమెరికాలో లైసెన్సు ఉన్న ఆర్కిటెక్టుల్లో నల్లజాతీయులు రెండు శాతం దరిదాపుల్లోనే ఉన్నారు. జనాభాలో వారు సుమారు 13 శాతం. చిత్రకారుడికి కాన్వాసు చాలు. ఆర్కిటెక్టుకు భూమి కావాలి, పెట్టుబడి పెట్టేవారు కావాలి, అప్పిచ్చే బ్యాంకు కావాలి, నగరపాలక సంస్థ అనుమతి కావాలి. నల్లజాతి పేటలకు బ్యాంకులు దశాబ్దాల పాటు అప్పు నిరాకరించిన దేశంలో, ఆ పేటల మధ్య నుంచే రహదారులు వేసి ఇళ్లు కూల్చిన దేశంలో, కట్టనివ్వని వాటిని ఊహలో చూపడం కూడా ఒక చారిత్రక పత్రమే అవుతుంది.

కట్టిన ఉదాహరణ ఒకటి వాషింగ్టన్ నడిబొడ్డున ఉంది. ఆఫ్రికన్-అమెరికన్ చరిత్ర, సంస్కృతి జాతీయ మ్యూజియం 2016 సెప్టెంబరు 24న తెరుచుకుంది. ఘానా మూలాలున్న బ్రిటిష్ ఆర్కిటెక్ట్ డేవిడ్ అడ్జాయే, అమెరికన్లు ఫిలిప్ ఫ్రీలన్, మాక్స్ బాండ్ దాని రూపకల్పన బృందంలో ముఖ్యులు; బాండ్ 2009లోనే మరణించి, పూర్తయిన భవనాన్ని చూడలేకపోయారు. మూడు అంతస్తుల కిరీటంలాంటి దాని ఆకృతికి, నైజీరియాలోని యొరుబా శిల్పి ఒలోవే చెక్కిన స్తంభం తలభాగం ప్రేరణ. చుట్టూ ఉన్న 3,600 కంచు రంగు జాలీ పలకలు, చార్ల్‌స్టన్‌లోనూ న్యూ ఆర్లీన్స్‌లోనూ బానిసలుగా బతికిన కమ్మరులు చేసిన ఇనుప అల్లికల నుంచి వచ్చాయి. పేరు మిగలని ఆ కమ్మరుల చేతిపనిని దేశ రాజధానిలో ఒక భవనం ఒంటి మీద ధరించింది. ఆర్కిటెక్చరే ప్రదర్శనగా మారడమంటే ఇది. ఈ మ్యూజియం కూడా సున్నా నుంచే మొదలైంది: 2005లో లానీ బంచ్ సంచాలకుడిగా చేరినప్పుడు సేకరణ అంటూ ఏమీ లేదు. కుటుంబాలు అటకల మీద, ట్రంకు పెట్టెల్లో దాచుకున్నవి తెచ్చి ఇవ్వడంతోనే దాని గదులు నిండాయి.

ఇంత చేసినా ఈ గౌరవం శాశ్వతంగా స్థిరపడిపోలేదు. 2025 మార్చి 27న వెలువడిన అధ్యక్ష ఉత్తర్వు, ఈ మ్యూజియంతో సహా స్మిత్సోనియన్ కింద నడిచే జాతీయ మ్యూజియాల్లో చరిత్రను చూపే తీరును తప్పుబడుతూ, జాతి అనే భావనకూ అమెరికన్ శిల్పకళకూ ఉన్న సంబంధంపై జరుగుతున్న ఒక ప్రదర్శనను పేరు పెట్టి ప్రస్తావించింది. అదే ఏడాది జులైలో చిత్రకారిణి ఏమీ షెరాల్డ్, తన చిత్రాల్లో ఒకదాన్ని తొలగించే ఆలోచన జరుగుతోందని తెలిసి, జాతీయ చిత్తరువుల గ్యాలరీలో జరగాల్సిన తన ప్రదర్శననే విరమించుకున్నారు. తర్వాత అది బాల్టిమోర్ కళా మ్యూజియంలో జరిగింది. ప్రభుత్వ నిధులతో నడిచే గోడ మీద ఎక్కిన బొమ్మ దిగిపోవడానికి కూడా అవకాశం ఉంటుంది. సొంత సంస్థల అవసరం హాంప్టన్ నాటి నుంచి తగ్గలేదనడానికి ఇదొక కారణం.

అలాంటి సొంత సంస్థల్లో హార్లెంలోని స్టూడియో మ్యూజియం ముఖ్యమైనది. మెట్రొపాలిటన్ వివాదానికి కొన్ని నెలల ముందే, 1968లో, ఒక అద్దె మేడలో అది మొదలైంది. తొలి ప్రదర్శన టామ్ లాయిడ్‌ది. రంగు బల్బులు ఒక క్రమంలో వెలుగుతూ ఆరుతూ ఉండే విద్యుత్ శిల్పాలు ఆయనవి. నల్లజాతి కళ అంటే నల్లజాతి మనుషుల బొమ్మలు కదా, ఈ దీపాలేమిటని ఆనాడు వచ్చినవారిలో కొందరు కోపగించుకున్నారు. మ్యూజియం తన ఎంపికను వెనక్కి తీసుకోలేదు. నల్లజాతి కళాకారుడు ఏది చేయాలనుకుంటే అదే నల్లజాతి కళ అన్న స్వేచ్ఛను మొదటి రోజే ప్రకటించినట్టయింది. ఎనభై ఏళ్ల వయసులో 1972లో విట్నీలో ఏకవ్యక్తి ప్రదర్శన పొందిన ఆల్మా థామస్, 35 ఏళ్లు బడిపంతులుగా పనిచేసి, విరమణ తర్వాత రంగుల చుక్కలతోనే ఆకాశాన్నీ తోటనూ చిత్రించారంటే ఆ స్వేచ్ఛే కారణం.

లాయిడ్ 1996లో చనిపోయారు. ఆయన శిల్పాల బల్బులు, తీగలు పాతబడ్డాయి. 2025 నవంబరులో స్టూడియో మ్యూజియం 125వ వీధిలో తన సొంత అవసరాల కోసం కట్టుకున్న తొలి భవనాన్ని తెరిచింది. ప్రారంభ ప్రదర్శనల్లో ఒకటి మళ్లీ టామ్ లాయిడ్‌దే. యాభై ఏడేళ్ల కిందట అద్దె మేడలో కొందరికి నచ్చని ఆ దీపాలు సొంత గోడ మీద తిరిగి వెలిగాయి.